భాగ్యనగర నిర్మాత

పాఠ్యభాగ నేపథ్యం

ఆసియా ఖండంలోని మహానగరాలెన్నో నేడు జనసమ్మర్దంతో ఇరుకవుతున్నాయి. నివాసం ఒకచోట, ఉద్యోగం మరొకచోట, విద్యాలయం, వైద్యాలయం వేరొకచోట ఉండడం వల్ల నగరవాసుల జీవితకాలంలో కొంతభాగం ప్రయాణానికే వ్యయమవుతున్నది. ఒకే కట్టడంలో లేదా ఒకే వాడలో ఇండ్లు, అంగళ్ళు, పాఠశాలలు, వైద్యశాలలు కలిసి ఉండే పద్ధతిని వాస్తుశిల్పులు మిశ్రమ వినియోగ నిర్మాణమని పిలుస్తున్నారు. నీటిని, నేలను, గాలిని భావితరాలకు చెడకుండా అందించే పద్ధతిని సుస్థిర నిర్మాణమంటున్నారు. ఈ మాటలు కొత్తవి. కాని వీటి వెనుక ఉన్న ఆలోచన తెలుగునేలకు కొత్తది కాదు. నాలుగు శతాబ్దాలకు పూర్వం ఆ ఆలోచనను ఒక నగరంగా నిలిపిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా జీవితాన్ని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇల్లు కట్టడం, పెళ్ళి చేయడం ఎంత కష్టమో మన పెద్దలు సామెతగా చెప్పారు. ఒక్క ఇల్లు కట్టడమే అంత శ్రమ అయినప్పుడు, వేలాది కుటుంబాలు తరతరాలుగా జీవించే నగరాన్ని కట్టడం ఎంత భారమో ఊహించవచ్చు. రాజ్యాలు గెలిచిన రాజులు చరిత్రలో అనేకులు. ప్రజలు కాపురముండదగిన నగరాన్ని ముందుగా ఆలోచించి, గీతలు గీయించి, నిర్మించినవారు కొందరే. ఆ కొందరిలో గోలకొండ కుతుబ్ షాహీ వంశంలో అయిదవ పాలకుడైన ముహమ్మద్ కులీ ఒకడు.

ముహమ్మద్ కులీ 1565లో జన్మించాడు. తళ్ళికోట యుద్ధంలో విజయనగర సామ్రాజ్యం ఛిన్నాభిన్నమైన సంవత్సరం కూడ అదే. అతని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా యౌవనంలో సోదరునికి భయపడి విజయనగరంలో ఏడేండ్లు ఆశ్రయం పొందాడు. అక్కడి రాజసభలో తెలుగు కవిత్వపు మాధుర్యాన్ని చవిచూశాడు. 1550లో గోలకొండకు ప్రభువైన పిమ్మట తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని కీర్తి గడించాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఇబ్రహీం కాలంలోనే హుస్సేన్ సాగర్ చెరువు తవ్వబడింది. 1578లో మూసీనదిపై రాతి వంతెన వెలిసింది. దానినే నేడు పురానాపూల్ అంటున్నాము. చెరువులు, వంతెనలు, కావ్యాలు ఒకేచోట పెంపొందుతున్న వాతావరణంలో ముహమ్మద్ కులీ బాల్యం గడిచింది.

1580లో తండ్రి మరణించడంతో ముహమ్మద్ కులీ సింహాసనమధిష్ఠించాడు. అప్పటికి అతని వయస్సు పదిహేనేండ్లు. పాలన తొలినాళ్ళలో బిజాపూరు రాజ్యంతో యుద్ధం సాగుతుండేది. నల్‌దుర్గం ముట్టడిలో గోలకొండ సేనలు ఆశించిన ఫలితాన్ని సాధించలేకపోయాయి. ఆ అనుభవం యువరాజుకు గుణపాఠమైంది. తరువాత తన సోదరిని బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్ షాకు ఇచ్చి వివాహం చేసి వైరాన్ని బంధుత్వంగా మార్చుకున్నాడు. శాంతి సుస్థిరమైతేనే నిర్మాణానికి అవకాశం కలుగుతుంది. అతడు తరువాత కట్టించిన నగరానికి ప్రాకారం లేకపోవడానికి ఈ శాంతి కూడ ఒక కారణమని చెప్పవచ్చు. హైదరాబాదు చుట్టూ గోడ కట్టడం 1724లో గాని ఆరంభం కాలేదు.

ఆనాడు రాజధాని గోలకొండ కోట. వజ్రాల వ్యాపారం వల్ల, మచిలీపట్నం రేవు నుండి సాగే నూలువస్త్రాల ఎగుమతి వల్ల ఆ కోట ప్రఖ్యాతి దేశదేశాలకు వ్యాపించింది. మన కోరుట్లకు పడమటి దిక్కున, కమ్మర్‌పల్లి ప్రాంతంలో ఉన్న కోనసముద్రంలో తయారయిన మేలిరకపు ఉక్కు సైతం పారశీక దేశం వరకు ప్రయాణించేది. సంపద పెరిగిన కొలది కోటలోనికి జనం చేరారు. రాతిగుట్టపై వెలసిన కోట విస్తరించడానికి వీలులేనిది. ఇండ్ల నడుమ సందులు కుంచించుకుపోయాయి. త్రాగునీటికి కటకట ఏర్పడింది. గాలి ఆడక, మురుగు కదలక ప్రజలు రోగాల పాలయ్యారు. కోటగోడ శత్రువును ఆపగలదు, వ్యాధిని ఆపలేదు. ఈ సత్యం పాతికేండ్లయినా నిండని పాలకునికి బోధపడింది.

ఇటువంటి సమయంలో పాలకుల ముందు సాధారణంగా రెండు మార్గాలుంటాయి. వచ్చే జనాన్ని వెలుపలనే ఆపివేయడం ఒకటి. రాజకుటుంబం మాత్రం ఆరోగ్యకరమైన చోటికి తరలిపోవడం మరొకటి. ముహమ్మద్ కులీ మూడవ మార్గాన్ని ఎంచుకున్నాడు. జనం వస్తారని ముందే అంగీకరించి, వారికి సరిపోయే నగరాన్ని కట్టాలని నిశ్చయించాడు. తన నగరం జనసమృద్ధితో కళకళలాడాలని అతడు భగవంతుని ప్రార్థించాడని ప్రతీతి. జనాన్ని భారంగా గాక భాగ్యంగా భావించడమే ఈ నిర్మాణానికి మూలమైన భావన.

నగరానికి స్థలంగా మూసీనదికి దక్షిణాన ఉన్న చదునైన నేలను ఎన్నుకున్నారు. అక్కడ చిచ్లం అనే గ్రామం ఉండేదని, ఆ ఊరి భాగమతిపై గల అనురాగంతో సుల్తాను నగరానికి భాగ్యనగరమని పేరు పెట్టాడని జనశ్రుతి. ఈ కథ విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. తోటలు విస్తారంగా ఉన్నందున బాగ్‌నగర్ అనే పేరు వచ్చిందని కొందరి అభిప్రాయం. పేరు సంగతి ఎట్లున్నా, స్థలనిర్ణయంలోని వివేకాన్ని ఎవరూ కాదనలేరు. పురానాపూల్ మీదుగా గోలకొండకు దారి అప్పటికే సిద్ధంగా ఉంది. మచిలీపట్నం వైపు సాగే వర్తకమార్గం ఈ నేల గుండానే పోతుంది.

ఈ మహాకార్యానికి కుడిభుజంగా నిలిచినవాడు పేష్వా పదవిలో ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ. ఇరాన్ దేశంలోని అస్త్రాబాద్ నుండి వచ్చిన ఈ పండితుడు శాస్త్రాలలోను, వాస్తువిద్యలోను నిష్ణాతుడు. ఇరాన్ నగరాల తోటల అందం అతని మనస్సులో ఉంది. నాలుగు తోరణాలతో, కూడలిగా కలిసే రహదారులతో కాకతీయులు తీర్చిన ఓరుగల్లు ఈ నేల జ్ఞాపకంలో ఉంది. ఈ రెండు సంప్రదాయాల సమ్మేళనాన్ని హైదరాబాదు నిర్మాణంలో దర్శించవచ్చు. పారశీక ప్రభువు షా అబ్బాస్ ఇస్ఫహాన్‌ను రాజధానిగా చేసుకున్నది 1598లో. హైదరాబాదుకు పునాది పడినది 1591లో. కనుక మన నగరాన్ని ఇస్ఫహాన్‌కు అనుకరణమనడం కాలక్రమానికి సరిపోదు.

నగర ప్రణాళిక చూడడానికి సరళమైనది. ఉత్తర దక్షిణాలుగా ఒక రాజమార్గం, తూర్పు పడమరలుగా మరొకటి వేశారు. అవి కలిసే చోట చార్మినారును నిలిపారు. దానికి ఉత్తరాన కొద్ది దూరంలో విశాలమైన చౌకు, ఆ చౌకుకు నాలుగు దిక్కులా నాలుగు ఎత్తయిన కమానులు, నడుమ నీటి హౌజు ఏర్పాటు చేశారు. ఆ హౌజునే నేడు గుల్జార్ హౌజ్ అంటున్నాము. పడమటి కమాను రాజప్రాసాదాలకు దారి చూపింది. వాయవ్య భాగాన్ని రాజభవనాలకు, ప్రభుత్వ కార్యాలయాలకు కేటాయించి, తక్కిన భాగాలలో ఉద్యోగులు, వర్తకులు, వృత్తిపనివారు, సామాన్య ప్రజలు నివసించే వాడలను తీర్చారు. ప్రధాన వీధుల వెంట పధ్నాలుగు వేల దుకాణాలతో పాటు మసీదులు, స్నానశాలలు, పాఠశాలలు, సరాయిలు ఉండేవని చరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి. వర్తకుడు ఇంటికీ అంగడికీ నడుమ గడియల కొద్దీ నడవనక్కరలేదు. బాటసారికి బస, భోజనం, ప్రార్థన, బేరం ఒకే వీధిలో లభించేవి. వీధికి ముఖంగా మడిగెలు, వాటి వెనుకనో మీదనో కాపురాలు ఉండే పద్ధతి పాతనగరపు బజారులలో తరతరాలుగా స్థిరపడింది. పగలు వ్యాపారంతో, రాత్రి నివాసంతో వీధి ఎల్లవేళలా సజీవంగా ఉండడం ఇటువంటి అమరికలోని ప్రయోజనం.

చార్మినారును మనం సాధారణంగా స్మారక కట్టడంగానే చూస్తాము. మహమ్మారి శాంతించినందుకు గుర్తుగా కట్టించారని కొందరు, హిజరీ వేయి సంవత్సరాల సంధికాలానికి చిహ్నంగా కట్టించారని మరికొందరు అంటారు. కాని దాని వినియోగాన్ని పరిశీలిస్తే మరొక విశేషం తెలుస్తుంది. ఒక్కొక్క పక్క సుమారు ఇరవై మీటర్లు మాత్రమే గల చతురస్రాకారపు కట్టడమిది. క్రింద నాలుగు దిక్కులకు తెరచిన కమానుల గుండా ప్రజలు రాకపోకలు సాగించేవారు. పైన మదరసాలో విద్యార్థులు చదువుకున్నారు. అన్నింటికంటె పై అంతస్తులో నలభై అయిదు మంది ప్రార్థనకు కూర్చోదగిన స్థలాలతో మసీదు ఉంది. పైకి ఎక్కడానికి 149 మెట్లు. జలపల్లి చెరువు నుండి వచ్చిన నీటిని నిలువచేసే తొట్టి కూడ ఇందులో ఉండేదని, అక్కడి నుండి రాజభవనాలకు నీరు పారేదని చరిత్రకారులు వ్రాశారు. దారి, బడి, గుడివంటి ప్రార్థనాలయం, జలాశయం ఒక్క కట్టడంలో ఒదిగిపోయాయి. తక్కువ నేలను ఎక్కువ అవసరాలకు ఉపయోగించడమంటే ఇదే.

నగరానికి ప్రాణం నీరు. ముహమ్మద్ కులీ, మీర్ మోమిన్‌లు వీధులతో పాటే చెరువులను గురించి ఆలోచించారు. మీర్ మోమిన్ నగర పరిసరాలలో సైదాబాద్, మీర్‌పేట వంటి ఊళ్ళను నెలకొల్పి, అక్కడ చెరువులు తవ్వించాడు. నగరంలో తోటలకు విశేష ప్రాధాన్యం లభించింది. పదిహేడవ శతాబ్ది మధ్యకాలంలో ఈ నగరాన్ని దర్శించిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియర్, రాజభవనపు మేడల పైకప్పుల మీద తోటలు ఉండడం, అందులో పెద్ద పెద్ద చెట్లు పెరగడం, అంత బరువును క్రింది కమానులు మోయడం చూసి విస్మయం చెందాడు. పైకప్పు తోటలను నేడు సింగపూరు వంటి నగరాలలో నూతన ప్రయోగంగా చూపుతున్నారు. మన పూర్వులు వాటిని నాలుగు వందల ఏండ్ల నాడే పెంచారు.

ప్రజారోగ్యాన్ని కాపాడడానికే పుట్టిన నగరంలో వైద్యశాల లేకపోవడం అసంభవం. 1595లో దారుల్‌షిఫా నిర్మాణం జరిగింది. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ రెండంతస్తుల గదులు గల ఈ భవనంలో యునానీ వైద్యులు రోగులకు చికిత్స చేస్తూనే విద్యార్థులకు వైద్యవిద్య నేర్పేవారు. ఎండ, వెలుతురు, గాలి ప్రతి గదికీ ముంగిలి నుండి అందేటట్లు కట్టడం ఇందులోని నేర్పు. గోలకొండలో గాలి లేక కలిగిన బాధకు ఈ ముంగిలి ఒక సమాధానం.

ముహమ్మద్ కులీ నిర్మాత మాత్రమే కాడు, కవి. దక్కనీ ఉర్దూ భాషలో సమగ్ర కవితాసంపుటి గల తొలి కవిగా సాహిత్య చరిత్ర అతనిని గౌరవిస్తున్నది. తొలకరి వానలు, వసంతోత్సవం, రంజాన్, బక్రీద్, ఈ నేలలో పండే కాయగూరలు, పండ్లు అతని కవిత్వానికి వస్తువులయ్యాయి. పారశీక కవులు తమ దేశపు పూలను వర్ణిస్తే, అతడు తన కన్నుల ముందున్న దక్కనును వర్ణించాడు. అతని కాలంలో గోలకొండ కరణంగా ఉన్న సారంగు తమ్మయ్య వైజయంతీ విలాసమనే మధురమైన తెలుగు ప్రబంధాన్ని రచించాడు. భాషలు వేరయినా, మతాలు వేరయినా పక్కపక్కనే బ్రతకడం ఆ నగరానికి అలవాటయింది. భవనాలలో వినియోగాలు కలిసినట్లే వీధులలో మనుషులు కలిశారు.

అయితే ఆ నగరంలో లోపాలు లేవని చెప్పడం సత్యానికి దూరం. ఉత్తమమైన భాగం రాజకుటుంబానికే దక్కింది. పైకప్పు తోటల నీడ సామాన్యునికి అందలేదు. నదికి చేరువగా పెరిగిన వాడలకు వరదభయం వెన్నంటే ఉంది. రాజు ఆజ్ఞతో పుట్టిన ప్రణాళికకు రాజుల శ్రద్ధ సన్నగిల్లగానే కాపుదల లేకుండా పోయింది.

ముప్పై ఒక్క సంవత్సరాలు పాలించి, 1612 జనవరిలో ముహమ్మద్ కులీ మరణించాడు. అప్పటికతని వయస్సు యాభైకి లోపే. కుమార్తె హయాత్ బక్షీ బేగం భర్త ముహమ్మద్ కుతుబ్ షా తరువాత రాజై, మామగారి కవితలను సంకలనం చేయించాడు. గోలకొండ సమీపంలోని సమాధుల తోటలో 42 మీటర్లకు పైగా ఎత్తయిన గుమ్మటం క్రింద ముహమ్మద్ కులీ విశ్రమించాడు. ఆ తోటలోని పురాతన దిగుడుబావులను ఇటీవల పునరుద్ధరించారు. గోలకొండ దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. నగర ప్రణాళికను రూపొందించిన మీర్ మోమిన్ కూడ ఈ నగరపు మట్టిలోనే కలిసిపోయాడు.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించాడు. కుతుబ్ షాహీ రాజభవనాలు కాలగర్భంలో కలిశాయి. చార్మినారు, నాలుగు కమానులు, వాటి చుట్టూ బజారులు మాత్రం నిలిచాయి. రాజు ఒక్కని కోసం కట్టినవి పోయి, అందరి కోసం కట్టినవి మిగలడం గమనింపదగిన విషయం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు పదిహేను వేల మందిని పొట్టనపెట్టుకుంది. నదీతీరపు వాడలు తుడిచిపెట్టుకుపోయాయి. మరుసటి ఏడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు వెలిశాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలను సరిచేసి రహదారులను వెడల్పు చేసింది. చార్మినారుకు ఉత్తరాన పత్తర్‌గట్టీలో రాతి కమానుల వరుసను నిర్మించింది. క్రింద దుకాణాలు, పైన నివాసాలు ఉండే ఆ వరుస ముహమ్మద్ కులీ నాటి ఆలోచనకు కొనసాగింపు. ఆ తరువాత నగరం ఎల్లలు దాటి పెరిగింది. అనేక చెరువులు, నాలాలు ఇండ్ల క్రింద కనుమరుగయ్యాయి. 2000లోను, 2020లోను కురిసిన కుండపోత వర్షాలకు కాలనీలు చెరువులను తలపించాయి. నీటికి మనం దారి వదలకపోతే, నీరే తన దారిని వెతుక్కుంటుంది.

ఈ చరిత్ర రాజధానికి మాత్రమే సంబంధించినది కాదు. సిరిసిల్లలో ఒకే కప్పు క్రింద కాపురం, సాంచాలు కలిసి ఉన్న ఇండ్లు ఎన్నో. జగిత్యాల, కోరుట్ల పట్టణాలలో ముందు మడిగె, వెనుక ఇల్లు గల వరుసలు నేటికీ కనిపిస్తాయి. ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే తల్లులకు ఇల్లే పనిచోటు. మిశ్రమ వినియోగమనే మాట వినకముందే మన పట్టణాలు దానిని ఆచరించాయి. కాని సాంచాల చప్పుడు, నూలు ధూళి నడుమ పసిపిల్లలు నిద్రించవలసి వస్తే అది సుస్థిర జీవనం అనిపించుకోదు. ఏ పనిని ఇంటితో కలపాలి, దేనిని దూరంగా ఉంచాలి అనే వివేచన అవసరం. సిరిసిల్లకు వెలుపల బద్దెనపల్లిలో వస్త్ర పరిశ్రమలకు పార్కును నెలకొల్పడం అటువంటి వివేచనకు ఒక ఉదాహరణ. 2021 సెప్టెంబరులో భారీ వర్షాలకు సిరిసిల్ల వీధులు జలమయమైనప్పుడు, చెరువుల మత్తడి నీటికి దారి ఎంత ముఖ్యమో అందరికీ తెలిసివచ్చింది.

పట్టణానికి జనం పెరగడం శాపం కాదు. నీటికి దారి, గాలికి చోటు, పనికి చేరువ, చదువుకు, వైద్యానికి నడిచిపోగల దూరం లేకపోవడమే శాపం. పదిహేనేండ్లకు రాజై, పాతికేండ్లు దాటగానే నగరానికి పునాది వేసిన ముహమ్మద్ కులీ జీవితం బోధించే నీతి ఇదే. అతనికి రాజ్యాధికారం ఉన్నందువల్ల ఒక్క ఆజ్ఞతో పని సాగింది. ప్రజాస్వామ్యంలో ఆ అధికారం పౌరులందరిది. రేపు మన పట్టణాలలో ఇండ్లు కట్టేవారు, వీధులు వేసేవారు, చెరువులు కాపాడేవారు నేటి విద్యార్థులే.

కఠిన పదాలకు అర్థాలు

జనసమ్మర్దం = జనుల ఒత్తిడి, రద్దీ
ప్రాకారం = చుట్టుగోడ
నిష్ణాతుడు = మిక్కిలి నేర్పరి
జనశ్రుతి = ప్రజలు చెప్పుకొనే మాట
సమ్మేళనం = కలయిక
మడిగె = దుకాణపు గది
సరాయి = బాటసారులు బసచేసే చోటు
ముంగిలి = ఇంటి నడుమ లేదా ముందు ఉండే ఖాళీ స్థలం
సాంచ = మరమగ్గం
మత్తడి = చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లే చోటు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాదు నగర నిర్మాణంలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా చూపిన దూరదృష్టిని వివరించండి.
2. మీ పట్టణంలోని ఒక వీధిని పరిశీలించి, అక్కడ నివాసం, వృత్తి, వ్యాపారం ఏ విధంగా కలిసి ఉన్నాయో, వాటిలోని మేలు కీడులు ఏవో వ్రాయండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. గోలకొండ కోటను విడిచి కొత్త నగరాన్ని నిర్మించడానికి కారణాలేవి?
2. చార్మినారు కట్టడంలోని వివిధ వినియోగాలను తెలపండి.
3. దారుల్‌షిఫా నిర్మాణంలోని ప్రత్యేకత ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మీర్ మోమిన్ ఏ దేశం నుండి వచ్చాడు?
2. వైజయంతీ విలాసం రచించిన కవి ఎవరు?
3. పత్తర్‌గట్టీ కమానుల వరుసను నిర్మించిన సంస్థ ఏ సంవత్సరంలో ఏర్పడింది?